చెమట పట్టని ముఖం

టీవీలో కనిపించేవాళ్లను దారిన పోయేవాళ్లు కూడా గుర్తుపడతారు. వాళ్ల ముఖాలు దిద్దే మనిషిని మాత్రం గేటు దగ్గర కాపలాదారు రోజూ కార్డు చూపించమంటాడు. ఆ వార్తల చానెల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మేకప్ మనిషికి ఇది అలవాటైపోయింది. అడగకముందే జేబులోంచి కార్డు తీసి చూపించి, మెట్లెక్కి, రెండో అంతస్తులో కిటికీ లేని తన గదిలోకి వెళ్లిపోయేవాడు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని టచప్ అన్న అనే పిలిచేవారు. జీతాల కాగితం మీద తనకు వేరే పేరుందన్న సంగతి ఆయనకే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వచ్చేది.

ఆ గదిలో గోడ పొడవునా అద్దం, అద్దం చుట్టూ పన్నెండు బల్బులు, రెండు తిరుగుడు కుర్చీలు, మూలన ఐసు డబ్బా. వచ్చినవాళ్ల హోదాలు ఆయన బుర్రలో నిలిచేవి కావు, ముఖాలే నిలిచేవి. అందుకని మనుషులకు తనే పేర్లు పెట్టుకునేవాడు. ఒకాయన నుదురాయన, ఒకావిడ కనుబొమల తల్లి, గడ్డం గీసుకోకుండా వచ్చే ఆర్థిక నిపుణుడు ముళ్లకంప. ఓసారి నోరుజారి ఆ నిపుణుణ్ని ఆ పేరుతోనే పిలిస్తే ఆయన పడీ పడీ నవ్వి, మర్నాటి నుంచి నున్నగా గీసుకుని రావడం మొదలుపెట్టాడు. ముఖం మారింది గానీ పేరు మారలేదు.

పనిలో ఆయనకో వరస ఉంది. ముందు మెత్తని గుడ్డలో ఐసు ముక్క చుట్టి నుదుటి మీద, ముక్కుకి రెండు పక్కలా, పైపెదవి మీద మూడు నిమిషాలు అద్దాలి. చర్మం బిగుసుకుంటుంది. తర్వాత చెమట పట్టకుండా ఆపే మందు దూదితో రాయాలి. అది ఆరాకే రంగు, రంగు మీద పౌడరు. చూసేవాళ్లకు కనపడేది పౌడరే. కానీ స్టూడియో లైట్ల కింద గంటసేపు మనిషి ముఖాన్ని నిలబెట్టేవి ఎవరికీ కనపడని ఆ ఐసూ, ఆ మందూ. చెమట కారుతున్నవాడు ఎంత నిజం చెప్పినా దొంగలాగే కనపడతాడని ఆయన కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు. "ఈ కుర్చీలో కూర్చున్నాక మంత్రీ ఒకటే, మాజీ మంత్రీ ఒకటే. నాకు చర్మమే కనపడుతుంది" అనేవాడు. గొప్పకు అన్నమాట కాదు. నిజంగానే అలా అనుకునేవాడు పాపం.

ఈ పనిలో పెట్టింది అన్నయ్య. అమ్మా నాన్నా పోయేనాటికి అన్నయ్యకు ఇరవై, తనకు పన్నెండు. అన్నయ్య చదువు ఆపేసి రాతి పలకలు కోసే షెడ్డులో చేరాడు. తమ్ముడికి లెక్కలు ఎక్కవనీ, బొమ్మలు మాత్రం చేయి తిరిగినట్టు వేస్తాడనీ కనిపెట్టి, బతిమాలో బామాలో ఒక నాటకాల కంపెనీ మేకప్ మనిషి దగ్గర కుదిర్చాడు. తర్వాత వదిన వచ్చింది. పిల్లలు లేని ఆ ఇల్లాలికి మరిదే కొడుకయ్యాడు. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా చూద్దాం చూద్దాం అంటూనే ఆయన యాభైకి దగ్గరపడ్డాడు. పొద్దువాలేసరికి అన్నయ్య తలనుంచి కాళ్లదాకా రాతిపొడితో తెల్లగా ఇంటికొచ్చేవాడు. తమ్ముడు మోచేతులదాకా పౌడరుతో వచ్చేవాడు. ఇద్దరినీ గుమ్మంలోనే నిలబెట్టి దులుపుకుని రమ్మని వదిన కసిరేది. దులిపితే పోయేది పైనున్న పొడేనని అప్పట్లో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఇక చానెల్ సంగతి. అది పాలకపక్షానికి తొత్తు అని సగం మంది తిట్టేవారు, ప్రతిపక్షానికి అమ్ముడుపోయిందని తక్కినవాళ్లు దుమ్మెత్తిపోసేవారు. ఫోన్లు ఎత్తే అమ్మాయి ఒకే వార్త మీద రెండు తిట్లూ ఐదు నిమిషాల తేడాలో విని, ఇద్దరికీ ఒకే గొంతుతో మీ అభిప్రాయం రాసుకున్నామండీ అని చెప్పేది. నన్నడిగితే ఆ చానెల్ ఎవరికీ తొత్తు కాదు. ఎవరు ఎక్కువ గట్టిగా అరిస్తే వాళ్లను ఎక్కువసేపు చూపించేది. అదీ పక్షపాతమే అంటారా, కాదనను. టచప్ అన్న మాత్రం ఈ తిట్లు విని లోలోపల నవ్వుకునేవాడు. పక్షపాతం అనేది పైఅంతస్తు జబ్బనీ, తన గది దాకా దిగి రాదనీ ఆయన ధీమా. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ ప్రతిపక్షం వాళ్ల జెండా మోసినవాడు. కొడుకులిద్దరూ ఆ గుర్తుకే ఓటు వేసేవారు. ఇంట్లో ఏ కూర ఇష్టం అంటే ఏం చెబుతామో అలాంటి సంగతి అది, రాజకీయమని ఆయనెప్పుడూ అనుకోలేదు.

అన్నయ్య షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. ఆ రాయిని పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి గట్టిపడిపోతుంది. కోసే చోట నీళ్లు చిమ్మే గొట్టం, దుమ్ము లాగే ఫ్యాను తప్పనిసరిగా పెట్టాలని ప్రభుత్వం ఒక నిబంధన రాసింది. అది చట్టసభల కమిటీ ముందుకు వెళ్లింది. మరికొంత పరిశీలన అవసరమని కమిటీ పక్కన పెట్టింది. ఆ పరిశీలన నాలుగేళ్లు సాగింది. ఆ నాలుగేళ్లలోనే అన్నయ్యకు మొదట దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత ఒళ్లో దిండు పెట్టుకుని కూర్చుంటేగానీ ఊపిరి అందని స్థితి వచ్చాయి. అదే షెడ్డులో పనిచేసినవాళ్లలో పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్లు ఒక సంఘం పెట్టుకుని, నిబంధన ఎందుకు ఆగిందో తేల్చమని అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఒక్క దానికీ జవాబు రాలేదు.

అది ఎందుకు ఆగిందో చివరికి ఒక పైరవీకారుడి ఉత్తరాల వల్ల బయటపడింది. షెడ్ల యజమానులు కుదుర్చుకున్న మనిషి అతను. ఎవరి కొడుక్కి ఏ కాలేజీలో సీటు ఇప్పించాడో, ఎవరి కుటుంబాన్ని ఏ దేశం తిప్పుకొచ్చాడో, ఎవరింటి పెళ్లికి హాలు మాట్లాడిపెట్టాడో ముచ్చటగా రాసుకున్నాడు. ఉత్తరాలు పత్రికల చేతికి చిక్కాయి. పదమూడు పేర్లు. పాలకపక్షం వాళ్లు ఏడుగురు, ప్రతిపక్షం వాళ్లు ఆరుగురు. ఆ ఉదయం చదివి వినిపించమని అన్నయ్య అడిగితే, టచప్ అన్న పత్రిక పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. మొదటి పేరు కమిటీ అధ్యక్షుడిది, పాలకపక్షం మనిషి. ఆ పేరు దగ్గర ఆయన ఆగి, రెండుసార్లు చదివాడు. తర్వాతి పేరు అదే కమిటీలో సభ్యుడు, ప్రతిపక్షం నాయకుడు, నిబంధన ఆపడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టినాయన. దాన్నీ, తక్కిన పదకొండు పేర్లనూ ఒక్క బిగిన చదివేశాడు.

ఆ ఇద్దరినే ఆ సాయంత్రం ఏడు గంటల చర్చకు పిలిచారు.

అధ్యక్షుడు ముందొచ్చాడు. గుండ్రటి ముఖం, నిండు బుగ్గలు. టచప్ అన్న లెక్కలో ఆయన బుగ్గలాయన. మంచి మాటకారి. కుర్చీలో వెనక్కి వాలి, ఈ మధ్య నిద్ర లేదనీ, కళ్ల కింద నలుపు కాస్త కప్పమనీ, తన తల్లి టీవీ ముందు కూర్చుని ఉంటుందనీ చెప్పాడు. టచప్ అన్న ఊఁ కొట్టాడు. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ఐసు డబ్బా మూత తీయబోయాడు. ఆ క్షణాన ఆయనకు అన్నయ్య ఒళ్లో దిండు గుర్తొచ్చింది. తీయబోయిన మూత మీద చేయి అలాగే కాసేపు ఉండి, వెనక్కి వచ్చేసింది. మందు సీసా ముట్టుకోలేదు. నేరుగా రంగు వేసి, పైన పౌడరు అద్ది, నున్నగా దిద్ది అద్దం చూపించాడు. బుగ్గలాయన మురిసిపోయి భుజం తట్టి లేచాడు. కక్ష అంటే ఇదేనని టచప్ అన్నకు తెలుసు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి పని చెడగొట్టినందుకు భయం వేసింది. దాంతోపాటు, దాచడమెందుకు, హాయిగా కూడా ఉంది.

తర్వాత రెండో ఆయన వచ్చాడు. సన్నటి పొడుగు ముఖం, నెరిసిన జుట్టు, మెత్తటి మాట. పొడుగాయన. ఆయనకు మూడు నిమిషాలకు బదులు ఐదు నిమిషాలు ఐసు అద్దాడు. మందు రెండు వరసలు రాశాడు. చేయి తనంతట తానే కదిలిపోయింది.

చర్చ మొదలైన పదో నిమిషానికి బుగ్గలాయన పైపెదవి మీద చెమట కనపడింది. పదిహేనో నిమిషానికి నుదుటి నుంచి కారింది. విరామంలో టచప్ అన్న సెట్టు మీదకు వెళ్లాడు. తడిని ముందు కాగితంతో ఒత్తి తీయాలి, తడి మీద పౌడరు వేయకూడదు. పని తెలిసినవాడెవడూ వేయడు. ఆయన వేశాడు. విరామం అయ్యాక అది అట్టలు కట్టి చారలు చారలుగా దిగింది. సరిగ్గా అప్పుడే యాంకరు, నిబంధన నాలుగేళ్లు ఎందుకు ఆపారని అడిగింది. బుగ్గలాయన జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. రంగంతా రుమాలుకు అంటుకుని, ఒక బుగ్గ నల్లగా ఒక బుగ్గ తెల్లగా బయటపడింది. ఆయన రుమాలు వంక చూసుకున్నాడు. పక్కనే పొడుగాయన చల్లగా, పొడిగా, కడిగిన పళ్లెంలా కూర్చుని, నిజం ముఖం మీద తెలిసిపోతుందండీ అన్నాడు.

ఆ పదకొండు సెకన్ల ముక్క మర్నాటికల్లా ప్రతి ఫోనులోకీ చేరింది. నాలుగేళ్లు పట్టించుకోని జనం ఒక్క రుమాలు చూసి మండిపడ్డారు. మూడో రోజున ప్రభుత్వం దిగివచ్చింది. నిబంధన ఆగడం మీద విచారణ జరుపుతామనీ, జబ్బుపడిన కార్మికులు సోమవారం పది గంటలకు వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చనీ ప్రకటించింది. సంఘం వాళ్లు ముందుగా మాట్లాడే మనిషిగా అన్నయ్యను ఎంచుకున్నారు. వదిన ఆయన తెల్లచొక్కా ఉతికి, ఇస్త్రీ చేయించి, కొక్కేనికి తగిలించింది. అన్నయ్య ఆసుపత్రి కాగితాలన్నీ తారీకుల వరసలో సర్దుకున్నాడు. ఊపిరి ఎక్కడ ఆపుకోవాలో చూసుకుంటూ, చెప్పవలసిన మాటలు తనలో తనే అనుకునేవాడు. ఏడాదిగా ఆ ముఖంలో అంత వెలుగు తమ్ముడు చూడలేదు.

అటు బుగ్గలాయన పార్టీ ఊరుకుంటుందా. తమ నాయకుణ్ని కావాలని దొంగలా చూపించారనీ, ఇది ప్రతిపక్షంతో కుమ్మక్కైన చానెల్ కుట్ర అనీ, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికే ఎలా చెమట పట్టిందో తేల్చమనీ రోడ్డెక్కింది. చానెల్ యాజమాన్యం లోపలి విచారణ వేసింది. అందరి అనుమానం లైట్ల మీద పడింది. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే బుగ్గలాయన కుర్చీ పైనున్న లైటు మాడిపోతే కొత్తది వేశారు. వేసినవాడు లైట్ల బాబాయి. మరో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. లైటు కావాలని ముఖానికి దగ్గరగా దించి పెట్టాడని తేలితే పింఛను సహా అన్నీ పోతాయని చెప్పి, ఆయన్ని పని ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టారు.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్ వెనక మెట్ల మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే, టచప్ అన్న టీ గ్లాసులు రెండు పట్టుకుని వెళ్లాడు. లైట్ల బాబాయి టీ తాగలేదు. గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ నేల చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు ఆ రోజు సెట్టు మీదకి వచ్చావు కదా. నిజం చెప్పు. లైటు దింపి పెట్టానంటావా? వాళ్లు అన్నిసార్లు అడిగేసరికి నాకే గుర్తులేకుండా పోయింది. చేయి వణికిందేమో. వయసైపోయింది కదా."

"సరిగ్గానే పెట్టావు బాబాయ్."

"నువ్వు నా మీద జాలికొద్దీ అంటున్నావు" అన్నాడు ఆయన.

టచప్ అన్నకు ఆ రాత్రి తిన్న అన్నం రుచి తెలియలేదు. నోరు విప్పితే బాబాయి బతుకుతాడు. కానీ బుగ్గలాయన కూడా బతుకుతాడు. అదంతా మేకప్ మహిమేనని తేలిపోతే రుమాలు చూసి మండిపడిన జనం నాలిక కరుచుకుంటారు, విచారణ గాలికి పోతుంది, కొక్కేనికి ఉన్న చొక్కా కొక్కేనికే ఉంటుంది. నోరు విప్పకపోతే తను చేసిన తప్పుకు తను కాదు, ఇంకొకరు పోతారు. పైగా ఆ మనిషి తనే తప్పు చేశానేమోనని నమ్మడం మొదలుపెట్టాడు. తనను పెంచినవాడు ఒకవైపు, ఏ పాపం ఎరగనివాడు ఒకవైపు. సోమవారం దాకా ఆగి చెబుదామా అనుకున్నాడు. కానీ బాబాయి చేత శుక్రవారం సాయంత్రం తప్పు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారని ఆఫీసంతా చెప్పుకుంటోంది.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు ఎడిటరు గదిలోకి వెళ్లి, నిలబడే అంతా చెప్పేశాడు. ఐసు అద్దలేదన్నాడు, మందు రాయలేదన్నాడు, తడి మీద పౌడరు వేశానన్నాడు. ఎడిటరు ముందు నమ్మలేదు. తర్వాత తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఎవరు చేయించారు మీ చేత?"

"ఎవరూ చేయించలేదు సార్."

"ఎవరూ చెప్పకుండా ఎవరూ ఇలా చేయరు అన్నా. మీది ఏ పార్టీ?"

"నాకు పార్టీ ఏమిటి సార్. మా అన్నయ్య రాతి షెడ్డులో పనిచేశాడు."

ఎడిటరు అది కాగితం మీద రాసుకోలేదు. ఐసు, మందు, పౌడరు అని మాత్రం వరసగా రాసుకున్నాడు. చానెల్‌కు కుట్ర మచ్చ పోతోంది కదా, ఆ గుండెల మీది బరువు దిగిన ఆనందం ఆయన ముఖంలో దాగలేదు. మధ్యాహ్నానికల్లా టచప్ అన్న ఉద్యోగం పోయింది, లైట్ల బాబాయి కుర్చీలోంచి లేచి తన పనికి తను వెళ్లాడు. గేటు దగ్గర కాపలాదారు కార్డు అడిగి తీసుకుని, తిరిగి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం అదే ఏడు గంటల చర్చ. చానెల్ క్షమాపణ చెప్పింది. నలభై నిమిషాలు మేకప్ గురించే మాట్లాడారు. చర్మ వైద్యుడొకాయన చెమట ఎలా పడుతుందో వివరించాడు. ఒక సినిమా మేకప్ మనిషి ఐసు ముక్క పట్టుకుని చూపించాడు. బుగ్గలాయన రంగు వేయించుకోకుండా కడిగిన ముఖంతో కూర్చుని, ఆ పనివాడి మీద తనకు కోపం లేదనీ, తన తల్లి మాత్రం నాలుగు రోజులు అన్నం తినలేదనీ చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. పొడుగాయన ఫోనులో మాట్లాడుతూ, రాజకీయాలు ఇంతకు దిగజారకూడదని బాధపడ్డాడు. రాతి దుమ్ము మాట, పైరవీకారుడి ఉత్తరాల మాట, పదమూడు పేర్ల మాట ఒక్కరి నోటా రాలేదు. ఫోన్లు ఎత్తే అమ్మాయికి ఆ రోజు కూడా రెండు తిట్లూ వచ్చే ఉంటాయి.

శనివారం మధ్యాహ్నం సంఘం వాళ్లు ఫోను చేశారు. మారిన పరిస్థితుల దృష్ట్యా విచారణ వాయిదా పడిందట. ఎప్పటికో చెప్పలేదట. వదిన ఫోను పెట్టేసి, కొక్కెం మీద చొక్కా తీసి మడతపెట్టి బీరువాలో పెట్టింది. మరిది వైపు చూడలేదు. కోపమో, చూస్తే ఏడుపొస్తుందనో.

అన్నయ్య కిటికీ పక్కన మంచం మీద ఒళ్లో దిండు పెట్టుకుని కూర్చున్నాడు. నిన్నటి చర్చ మొత్తం చూశాడు. టచప్ అన్న వెళ్లి నేల మీద కూర్చున్నాడు. తప్పు చేశానన్నాడు. బాబాయిని అలా వదిలేయలేకపోయానన్నాడు. అది చెప్పినందుకు కాదు, చేసినందుకు క్షమించమన్నాడు. నువ్వు చెప్పుకోబోయిన మాటల్ని నేనే తిరిగి నీ నోట్లో కుక్కేశానన్నాడు. అన్నయ్య చేయి ఊపి ఆపాడు.

"బాబాయి విషయంలో చేసింది మంచిపనే. దాని గురించి అనుకోవడం లేదు." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రెండో ఆయనకి ఎందుకు రాశావురా?"

టచప్ అన్నకు అర్థం కాలేదు.

"ఐసు. ఆ పొడుగాయనకి ఎందుకు రాశావు? ఆయన పేరూ ఉందిగా అందులో. నువ్వే కదా చదివి వినిపించావు."

టచప్ అన్న ఆ ఉదయం పత్రికను, రెండో పేరును, తను ఆగకుండా చదివేసిన వరసను గుర్తుచేసుకున్నాడు. ఐదు నిమిషాల ఐసు, రెండు వరసల మందు గుర్తొచ్చాయి. ఇద్దరికీ మానేసి ఉంటే ఇద్దరికీ చెమట పట్టేది. అప్పుడు కుట్ర అనడానికి ఏ పార్టీకీ నోరు లేచేది కాదు, ఏ లైటునూ ఎవరూ అనుమానించేవారు కాదు, సోమవారం సోమవారంలాగే వచ్చేది. తల కొట్టేసినట్టయింది ఆయనకు.

"మనవాడు కదా అనుకున్నాను అన్నయ్యా" అన్నాడు.

అన్నయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా షెడ్డులో పోయిన పదకొండు మందిలో ఎవరిది ఏ పార్టీయో నాకు తెలుసు. చెబుతాను విను."

"వద్దన్నయ్యా."

అన్నయ్య వినిపించుకోలేదు. ఒక పేరు చెప్పడం, ఆ మనిషి ఎవరి జెండా మోసేవాడో చెప్పడం, ఊపిరి అందేదాకా ఆగడం, మళ్లీ ఇంకో పేరు ఎత్తుకోవడం. మొదటివాడు ఎడంచేతి మేస్త్రీ, వాళ్ల పార్టీ. రెండోవాడు ఆ మేస్త్రీ అల్లుడు, మన పార్టీ. ఈ విషయం మీద మామా అల్లుళ్లు భోజనాల దగ్గర కొట్టుకునేవారు. మూడోవాడు పాటలు పాడే కుర్రాడు, ఓటు వయసొచ్చి రెండేళ్లే అయింది, ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఐదో పేరు దగ్గర దగ్గు తెర వచ్చింది. వదిన నీళ్లు పట్టుకొచ్చి ఇక చాలించమని బతిమాలింది. ఆయన రెండు గుక్కలు తాగి, చెయ్యి అడ్డంపెట్టి, మళ్లీ మొదలుపెట్టాడు. పదకొండు పేర్లూ అయ్యేసరికి ఎండ కిటికీ దాటి వెళ్లిపోయింది. టచప్ అన్న కదలకుండా కూర్చుని అన్నీ విన్నాడు.

అన్నయ్య దిండు మీద నుంచి ఒక చేయి తీసి తన ఎదురొమ్ము మీద పెట్టుకున్నాడు.

"పన్నెండోవాడు మాత్రం మనవాడేరా" అన్నాడు.